కన్నా ఇంటికొస్తున్నాడు: కేప్‌టౌన్‌లో తెర వెనుక ఎనిమిది నెలలు

ఆ కాగితం మీద నేను మొదట చదివింది ఒక్క మాటే: ‘కన్నా’.

2023 జనవరి 22, ఆదివారం. కేప్‌టౌన్‌లో నేను అద్దెకుండే రైలాండ్స్‌లో కందిపప్పు, ఇంగువ దొరికే కొట్టు ఒకటుంది. దాని అద్దాల తలుపు మీద, గది అద్దెకిస్తాం, పిల్లి తప్పిపోయింది అనే ప్రకటనల మధ్య చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాల్లో కన్నా, ఆ పక్కన నాకు అర్థం కాని మూడు మాటలు, కింద ఫోను నంబరు. మా అమ్మ నన్ను పిలిచే పిలుపు ఆఫ్రికా దక్షిణ కొసన ఒక కొట్టు తలుపు మీదకు ఎలా వచ్చిందా అని నిలబడిపోయాను. కొట్టాయన నవ్వాడు. ‘అది నాటకం. మేమంతా బడిలో చదువుకున్నదే’ అన్నాడు.

ఆ మూడు మాటలూ కలిపితే ‘కన్నా హెయ్ కో హెయ్స్టూ’. కన్నా, వాడు ఇంటికొస్తున్నాడు అని అర్థం. డచ్చి నుంచి పుట్టిన ఇక్కడి భాష ఆఫ్రికాన్స్‌లో ఆడం స్మాల్ రాసిన నాటకం, 1965లో అచ్చయింది. నడవలేని తల్లి మకీట్ తన పేద కుటుంబం ఆశలన్నీ పెంపుడు కొడుకు కన్నా మీద పెట్టుకుంటుంది. అతను చదువుకుని ఇంజనీరై విదేశంలో స్థిరపడతాడు. చివరికి ఆమె అంత్యక్రియలకు వస్తాడు. అక్కడ కన్నా అన్నది మనిషి పేరు మాత్రమే, మన ముద్దు పిలుపుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఈ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

నేను తెనాలివాణ్ణి. చిన్నప్పుడు నాన్న పరిషత్తు నాటకాలకు తీసుకెళ్ళేవారు. అందరూ వేదిక మీదికి చూస్తుంటే, నేను పక్క తెర సందులోంచి కనిపించే ప్రాంప్టర్‌ను, అంటే మాట మరిచిన నటులకు చాటు నుంచి అందించే మనిషిని చూసేవాణ్ణి. కాలేజీలో రెండు నాటకాలకు ఆ పని చేశాను కూడా. ఇక్కడ ఒక బీమా కంపెనీ కంప్యూటర్ల మధ్య నాలుగేళ్ళుగా ఉంటున్నాను. వారాంతాల్లో మాట్లాడే మనిషి లేడు. నాటకం మీద ప్రేమతో ఫోను చేశానని చెబితే అది సగం అబద్ధం.

ఫిబ్రవరి 4, శనివారం ఆథ్లోన్‌లోని ఒక చర్చి హాలుకు రమ్మన్నారు. పాత్రల ఎంపిక ఆ రోజే. నాకు ఆఫ్రికాన్స్ రాదు, బల్లలూ కుర్చీలూ మోస్తానని ముందే చెప్పాను. దర్శకురాలు రిటైరైన హైస్కూలు టీచరు. ఆమె ఒక పేజీ నా చేతికిచ్చి చదవమంది. నేను చదువుతుంటే హాల్లో పదిహేనుమంది కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ‘నువ్వు ప్రాంప్టర్‌వి’ అంది. కారణం తర్వాత తెలిసింది. భాష వచ్చినవాడు అర్థం సరిపోతే ఊరుకుంటాడు. రానివాడు ఒక్క అక్షరం జారినా పట్టుకుంటాడు. నా అజ్ఞానానికి ఇంత గౌరవం ముందెన్నడూ దక్కలేదు.

ఇక నిరీక్షణ. ఫిబ్రవరి 20న ప్రదర్శన హక్కుల కోసం దరఖాస్తు పెట్టాం. హాల్లో ఎన్ని సీట్లు, టికెట్ ఎంత, ఎన్ని ప్రదర్శనలు, ఎవరైనా జీతం తీసుకుంటున్నారా, సంభాషణల్లో ఏమైనా మారుస్తున్నారా, అన్నీ రాయాలి. రెండు మూడు వారాల్లో జవాబు వస్తుందనుకున్నాం. యాభై ఎనిమిది రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు, పంపిన కాగితాలే మళ్ళీ పంపమన్నారు. జవాబు ఏప్రిల్ 19న వచ్చింది. రెండు ప్రదర్శనలకు 2,400 ర్యాండ్లు ముందే కట్టాలి. అప్పటి లెక్కలో ర్యాండు నాలుగున్నర రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఎవరైనా ఇలాంటి పనికి పూనుకుంటే చెప్పేది ఒక్కటే, హక్కుల కాగితం చేతికి రాకముందు హాలుకు అడ్వాన్సు ఇవ్వకండి. మేం ఇచ్చాం. మే నెల తేదీలు పోయాయి, సెప్టెంబరు 23, 24కు మార్చుకున్నాం. హాలువాళ్ళు మంచివాళ్ళు కాబట్టి డబ్బు పోలేదు.

ఆ ఖాళీలో నేను పుస్తకం వెతికాను. జిరాక్స్ ప్రతులతో పని కానివ్వడానికి దర్శకురాలు ఒప్పుకోలేదు, ఎవరి పుస్తకం వాళ్ళు కొనుక్కోవాలి. పాత పుస్తకాల కొట్టులో 180 ర్యాండ్లకు ఒకటి దొరికింది. ఎవరో బడిపిల్ల అంచుల నిండా పెన్సిలుతో నోట్సు రాసుకుంది. ఆ పిల్ల ఎవరో గానీ నాకు సగం నాటకం ఆమే నేర్పింది. మిగతా సగం 1992లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం నేర్పింది.

ప్రతి సంభాషణ కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకోవడం మొదలుపెట్టాను. ఇది బడిలో నేర్పే ఆఫ్రికాన్స్ కాదు, కాప్స్. కేప్‌టౌన్ పేటల్లో, ‘కలర్డ్’ (మిశ్రమ జాతి) అని ప్రభుత్వం ముద్ర వేసిన జనం మాట్లాడే భాష. ప్రామాణిక ఆఫ్రికాన్స్‌లో నువ్వు అనడానికి ‘యెయ్’ అంటారు, కాప్స్‌లో ‘జెయ్’. స్మాల్ దాన్ని నోట ఎలా పలుకుతుందో అలాగే రాశాడు. అప్పటిదాకా ఆ మాటతీరును జనం ఎక్కువగా హాస్యానికి వాడుకునేవారు. దీన్ని చదువుతుంటే నాకు మన సినిమాలు గుర్తొచ్చాయి. శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస ఎన్నేళ్ళపాటు నౌకరుకూ రౌడీకీ మాత్రమే పెట్టాం! కాప్స్ కూడా ఒక భాషే, మనుషులు అందులోనే పుడతారు, అందులోనే చస్తారు అని స్మాల్ జీవితమంతా వాదించాడు. ఈ నాటకంలో దాన్ని చేసి చూపించాడు. ఇక్కడ ఆ భాషలో ఏడుస్తారు, ప్రార్థిస్తారు, ఉరికంబం ఎక్కుతారు.

‘గ’ దగ్గర మాత్రం తెలుగు లిపి చేతులెత్తేసింది. గొంతు వెనుక నుంచి గీరుకుంటూ వచ్చే శబ్దం అది. నేను ‘ఖ’ రాసుకున్నాను. మకీట్ పాత్ర వేసిన ఆంటీ (ఆ వయసు ఆడవాళ్ళను ఇక్కడ అందరూ ఆంటీ అనే పిలుస్తారు) నా ‘ఖ’ విని, ‘చేపముల్లు ఇరుక్కుందా నాన్నా, నీళ్ళు తాగు’ అనేది.

రిహార్సల్స్ ఏప్రిల్ 22న మొదలయ్యాయి. మంగళవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం. ఈ నాటకం కాలక్రమంలో నడవదు. చనిపోయినవాళ్ళు వచ్చి బతికున్నవాళ్ళతో మాట్లాడతారు. అంత్యక్రియల్లోంచి హఠాత్తుగా పదేళ్ళ వెనక్కి, మళ్ళీ ముందుకు. ప్రేక్షకుడికి అది అందం, ప్రాంప్టర్‌కు నరకం. కన్నా వస్తున్నాడన్న ఆశ ఒకే రకం మాటల్లో అనేక చోట్ల తిరిగి వస్తుంది. జూన్‌లో ఒకరోజు ఆంటీ మొదటిసారి అనవలసిన చోట మూడోసారి మాట అనేసింది. ఎదుటివాళ్ళు అలవాటుగా దానికి జవాబిచ్చేశారు. పదకొండు పేజీలు, ఒక హత్యతో సహా, ఎగిరిపోయాయి. ఎవరూ గమనించలేదు, నేను తప్ప. ఆ రోజు నుంచి నా పుస్తకంలో అలాంటి ప్రతి చోటా వేరే రంగు చీటీ అంటించాను.

ఒక విషయం రాయాలా వద్దా అని ఆలోచించాను. నాటకంలో ఆ ఇంటి కూతురు కీటీ మీద అత్యాచారం జరుగుతుంది. ఆ ఘట్టం రిహార్సల్‌కు దర్శకురాలు హాలు తలుపులు మూయించి, అవసరం లేనివాళ్ళందరినీ పంపేసింది. నేను అవసరమైనవాణ్ణి. కళ్ళు పుస్తకం మీదే ఉంచమంది. అలా నేను ఆ ఘట్టాన్ని ఎప్పుడూ చూడలేదు, ప్రతిసారీ విన్నాను. వినడం తేలికనుకున్నాను, కాదు. కీటీగా వేసిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళు, పగలు ఒక బట్టల దుకాణంలో పని. రిహార్సల్ అవగానే అందరూ ఆమె చుట్టూ చేరి ఎలా ఉన్నావని అడిగేవారు. ఆమెకు కావలసింది ప్రశ్నలు కాదని కనిపెట్టింది ఆంటీ ఒక్కతే. మూడో వారం నుంచి ఆ రోజుకు ఒక పెద్ద గ్యాట్స్‌బీ తెప్పించేది. మూరెడు రొట్టెను చీల్చి, లోపల ఆలుగడ్డ వేపుడూ మాంసమూ కుక్కి, నలుగురికి కోసి పంచే తిండి అది. ఎవరూ మాట్లాడకుండా తినేవాళ్ళం. నాకు ఆలుగడ్డ మాత్రం తీసి పెట్టేవాళ్ళు.

అది కరెంటు కోతల ఏడాది. ఫోనులో ఆప్ చూసుకుని రిహార్సల్ వేళలు పెట్టుకునేవాళ్ళం, అయినా రెండు రెండున్నర గంటల చీకటి మధ్యలో వచ్చి పడేది. చార్జింగ్ దీపం ఒకటే ఉంటే అది ప్రాంప్టర్‌కు. చీకట్లో నటులు, నా మొహం మీద మాత్రం వెలుతురు. ఒక రోజు వీధి బోధకుడి పాత్ర వేసే పెద్దాయన, ‘నాటకం పేరు మార్చి నీ పేరు పెడదాం’ అన్నాడు.

ప్రోగ్రాం కాగితం మీద అరపేజీ చరిత్ర రాసే పని నా మీద పడింది. ఇంగ్లీషు బాగా రాస్తానని కాదు, ఈ నాటకం విషయంలో ఏ పక్షమూ లేనివాణ్ణి కాబట్టి. జూలైలో రెండు శుక్రవారాలు సెలవు పెట్టి ఊళ్ళో ఉన్న నేషనల్ లైబ్రరీకి వెళ్ళాను. సంచి బయట పెట్టాలి, పెన్ను బదులు పెన్సిలు. అడిగింది చేతికి రావడానికి మొదటిరోజు నలభై నిమిషాలు, రెండోరోజు గంటన్నర పట్టింది.

అక్కడ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే గాని ఈ నాటకం ఎక్కడ పుట్టిందో నాకు బోధపడలేదు. అది అచ్చయిన 1965లోనే, ఫిబ్రవరిలో, జాతులు కలిసి ఒకే చోట కూర్చుని వినోదం చూడకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 11న కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించారు. తర్వాతి ఏళ్ళలో అరవై వేలమందికి పైగా అక్కడి నుంచి ఇసుక మైదానాల్లోకి గెంటేశారు. 1971లో కేప్‌టౌన్‌లో నికో మలాన్ అనే పెద్ద నాటకశాల తెరిచారు, అదీ తెల్లవాళ్ళకే. 1975లో గాని తలుపులు అందరికీ తెరుచుకోలేదు. ఆ తర్వాత కూడా చాలామంది పంతం పట్టి అటు అడుగు పెట్టలేదు. 1974లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ నాటక సంస్థ ఈ నాటకాన్ని వేసినప్పుడు మకీట్ తెల్ల నటి. ఎవరి కథో వాళ్ళు వేదిక మీదా లేరన్నమాట.

ఈ చివరి వాక్యం దగ్గర మాలో మాకు గొడవ. బోధకుడి పాత్ర పెద్దాయన వద్దన్నాడు. ‘ఆమె గొప్పగా చేసిందని విన్నాను, పండగపూట ఎందుకు తవ్వడం?’ అన్నాడు. కుర్రవాళ్ళు ఉండాల్సిందే అన్నారు. ముప్పావు గంట నడిచింది. ఆంటీ అల్లిక పని దించి చెప్పింది: ‘డిస్ట్రిక్ట్ సిక్స్‌లో మా ఇల్లు కూల్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ నికో మలాన్‌లో నేల తుడిచేది. ఖాళీ వేదిక చూసింది గాని నాటకం ఎప్పుడూ చూడలేదు. రాయి నాన్నా.’ రాశాను. పెద్దాయన రెండు రిహార్సల్స్‌కు రాలేదు, మూడోదానికి కొబ్బరికోరు అద్దిన కూసిస్టర్లు డజను పట్టుకుని వచ్చాడు. ఆదివారం పొద్దున ఇక్కడి ఇళ్ళల్లో వేయించి పాకంలో ముంచే పిండివంట అది. మన బూరెకు దూరపు చుట్టం అనుకోవచ్చు.

స్మాల్‌కు ఆఫ్రికాన్స్‌లో అతి పెద్దదైన హెర్ట్‌జోగ్ బహుమతి నాటక రచనకు 2012లో ఇచ్చారు. ఈమధ్య కొత్త పుస్తకం రాసి ఉండాలనే నిబంధన అడ్డం వస్తే, దాన్ని సవరించి మరీ ఇచ్చారు. నాటకం అచ్చయిన నలభై ఏడేళ్ళకు! 2016లో ఆయన పోయాడు. ఇది ప్రోగ్రాంలో చివరి రెండు వాక్యాలు. స్థలం అయిపోయింది.

ఆగస్టు 3న మినీబస్ టాక్సీల సమ్మె మొదలైంది. మన షేర్ ఆటోల్లాగా ఇక్కడ ఊరంతా వాటి మీదే తిరుగుతుంది. 10వ తేదీ దాకా సాగింది, రోడ్ల మీద వాహనాలు తగలబడ్డాయి. కీటీ వేసే అమ్మాయి మొదటిరోజు రాత్రి దుకాణం నుంచి ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు నడిచింది. రెండు రిహార్సల్స్ పోయాయి. ఫోనులో మాటలు చెప్పుకుందామని ప్రయత్నించాం గాని, ఒకరు అనేది ఇంకొకరికి రెండు క్షణాలు ఆలస్యంగా చేరుతుంటే ఎవరు ఆగారో ఎవరు మరిచారో నాకు తెలిసేది కాదు.

మా అమ్మకు ఏప్రిల్‌లోనే మాటిచ్చాను, వినాయక చవితికి వస్తానని. తేదీలు మారాక చవితి 18న, ప్రదర్శన 23న. ఫోనులో చెప్పడానికి నాలుగు రోజులు వాయిదా వేశాను. చెప్పాక అమ్మ, ‘సరే కన్నా, నీ పని చూసుకో. పత్రి మీ బాబాయి తెస్తాడులే’ అంది. అంతే అంది. రాత్రి రిహార్సల్‌లో ఆంటీ చక్రాల కుర్చీలో కూర్చుని కన్నా వస్తాడని చెబుతుంటే, పుస్తకంలో వరస తప్పాను. ఎనిమిది నెలల్లో అదొక్కసారే.

23, శనివారం. నూట నలభై సీట్లలో నూట ముప్ఫై ఒకటి నిండాయి. నేను ఎడమ పక్కతెర చాటున పీట మీద. మొదటి గంట ఒక్క మాట కూడా అందించే అవసరం రాలేదు. తర్వాత ఒకచోట ఆంటీ ఆగింది. రిహార్సల్స్‌లో అక్కడ ఎప్పుడూ ఆగలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని, నాలుగుకు మాట అందించాను, గుసగుసగా. ఆమె తల తిప్పలేదు. ఇంకో నాలుగు అంకెలు ఆగి అదే మాట అంది. విరామంలో నా దగ్గరికి కుర్చీ దొర్లించుకుంటూ వచ్చింది: ‘నాకు తెలుసు ఆ మాట. వాళ్ళను ఎదురుచూడనిస్తున్నాను. నువ్వు అడ్డం రాకు.’ ముఖం మాడిపోయింది.

24, ఆదివారం సాయంత్రం నాలుగింటి ప్రదర్శన. గాలివాన హెచ్చరిక పొద్దుటి నుంచీ ఫోన్లలో మోగుతూనే ఉంది. ఆ వారాంతపు తుపాను పశ్చిమ కేప్‌ను ఎలా ముంచిందో తర్వాత పేపర్లలో చూశాం గాని, అప్పటికి మాకు తెలిసింది రేకుల కప్పు మీద శబ్దమే. నలభై ఏడుమంది వచ్చారు, గొడుగులతో. సగం నాటకం వాన మీద అరుస్తూ చేశారు. ముందురోజు చీవాట్ల తర్వాత నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఆంటీ మళ్ళీ ఆగింది, ఇంకో చోట. ఎదురుచూడనిస్తోంది అనుకున్నాను. ఎనిమిది దాకా లెక్కపెట్టాను. అప్పుడు ఆమె కళ్ళు నెమ్మదిగా నా వైపు తిరిగాయి. నిజంగానే మరిచిపోయింది. గుసగుసగా అందించాను, వానలో వినిపించలేదు. కొంచెం గట్టిగా అన్నాను, వినిపించలేదు. చివరికి అరిచాను. మొదటి మాట కన్నా అనే ఉంది. వాన సరిగ్గా ఆ క్షణానే తెరిపి ఇచ్చింది. చీకట్లోంచి ఎవరో మగగొంతు కన్నాను పిలవడం హాలంతా విన్నది. తెలుగువాడి దీర్ఘంతో సహా.

ఎవరూ నవ్వలేదు. అదీ నాటకంలో భాగమే అనుకున్నారట. దర్శకురాలు మాత్రం ఇప్పటికీ ఆ సంగతి ఎత్తదు.

లెక్కలు. టికెట్ 80 ర్యాండ్లు, మొత్తం రాబడి 14,240. హక్కులకు 2,400, హాలుకు 3,600, లైట్లు అద్దెకు 3,500, కరెంటు పోతే పనికొచ్చే ఇన్వర్టరుకు 1,500, దుస్తులకూ సామానుకూ 1,150, ప్రోగ్రాం కాగితాలకు 900, రిహార్సల్స్‌కు చోటిచ్చిన చర్చికి 2,000. లోటు 810. పద్దెనిమిదిమందిమి తలా 45 వేసుకున్నాం, మన డబ్బుల్లో రెండు వందల లోపు. ఇన్వర్టరు రెండు రోజులూ వాడే అవసరమే రాలేదు. చక్రాల కుర్చీ ఒక వృద్ధాశ్రమంలో అరువు తెచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక చక్రం కిర్రుమంటోందని నేనే నూనె వేశాను.

సోమవారం సెలవు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అమ్మకు ఫోను చేసి కథంతా చెప్పాను, అత్యాచారం మాట దాటేసి. అంతా విని ఒకటే అడిగింది.

‘ఆ తల్లి ప్రాణంతో ఉండగా వచ్చాడా?’

‘లేదమ్మా.’

కాసేపు మాట్లాడలేదు. వెనుక కుక్కరు కూత వినిపించింది. తర్వాత, ‘నువ్వెప్పుడు వస్తావు?’ అంది.

‘డిసెంబరు 16న బయలుదేరతాను.’

‘అతనూ వాళ్ళమ్మకు అలాగే తేదీ చెప్పుంటాడు.’

టికెట్ అప్పటికింకా కొనలేదు. ఆ సాయంత్రమే కొన్నాను. 18,400 ర్యాండ్లు, దుబాయ్‌లో ఏడు గంటల నిరీక్షణ.